డెట్రాయిట్: కార్ల గడ్డ మీద పిజ్జా సామ్రాజ్యాలు ఎలా వెలిశాయి?

1960 డిసెంబరులో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఇప్సిలాంటి అనే చిన్న పట్టణంలో ఇద్దరు అన్నదమ్ములు అప్పు చేసి ఒక పిజ్జా దుకాణం కొన్నారు. దాని పేరు డొమినిక్స్. అన్న టామ్ మోనగన్ మెరైన్ దళంలో పనిచేసి వచ్చినవాడు. తమ్ముడు జేమ్స్ తపాలా ఉద్యోగి. ఎనిమిది నెలలు గడిచాయి. ఉన్న ఉద్యోగాన్ని వదులుకొని దుకాణాన్నే నమ్ముకోవడానికి జేమ్స్‌కు మనసొప్పలేదు. తన సగం వాటాను అన్నకే వదిలేశాడు. బదులుగా తీసుకున్నది పిజ్జాలు చేరవేయడానికి వాడుతున్న ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారును.

ఆ దుకాణమే నేటి డోమినోస్. 90కి పైగా దేశాలు, ప్రాంతాలలో 21 వేలకు మించి ఔట్‌లెట్లున్న ఈ సంస్థ ప్రధాన కార్యాలయం ఇప్పటికీ ఇప్సిలాంటి పక్కనే, యాన్ ఆర్బర్ వద్ద ఉంది.

అయితే ఆ పరిసరాల్లో పుట్టిన పిజ్జా సంస్థ అదొక్కటే కాదు. అమెరికాలో మూడో అతి పెద్ద పిజ్జా చైన్‌గా పేరున్న లిటిల్ సీజర్స్ 1959లో గార్డెన్ సిటీలో మొదలైంది. హంగ్రీ హోవీస్ 1973లో టేలర్‌లో, జెట్స్ పిజ్జా 1978లో స్టెర్లింగ్ హైట్స్‌లో పుట్టాయి. ఈ ఊళ్లన్నీ డెట్రాయిట్ చుట్టుపక్కలవే. కారులో బయలుదేరితే గంటలో ఒక కొస నుంచి మరో కొసకు చేరుకోవచ్చు. రాష్ట్ర సరిహద్దు దాటగానే వచ్చే ఒహాయోలోని టొలెడో నగరాన్ని కూడా కలుపుకుంటే, 1978లో అక్కడ ప్రారంభమై నేడు వెయ్యికి పైగా ఔట్‌లెట్లకు విస్తరించిన మార్కోస్ పిజ్జా కూడా ఈ జాబితాలో చేరుతుంది.

అమెరికాలో పిజ్జాకు పుట్టిల్లు న్యూయార్క్. లోతైన పళ్లెంలో కాల్చే పిజ్జాకు పేరు షికాగోది. ఇటాలియన్ వలసదారులు పెద్ద సంఖ్యలో స్థిరపడింది కూడా తూర్పు తీర నగరాల్లోనే. మరి పిజ్జాను దేశమంతటికీ, ఆ తర్వాత ప్రపంచానికీ అమ్మిన సంస్థలు కార్ల తయారీకి తప్ప వంటకు పేరులేని డెట్రాయిట్ చుట్టూ ఎందుకు పుట్టాయి?

జవాబు వంటింట్లో దొరకదు. కార్ల కర్మాగారంలో వెతకాలి.

జీతం, షిఫ్టు, కారు

1913లో డెట్రాయిట్ నడుమనున్న హైలాండ్ పార్క్ కర్మాగారంలో హెన్రీ ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైన్‌ను ప్రవేశపెట్టారు. మరుసటి ఏడాది రోజుకు 5 డాలర్ల వేతనం ప్రకటించారు. అది ఆనాటి సాధారణ కూలికి దాదాపు రెట్టింపు. ఆ వార్త విని దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లజాతివారు, అపలాచియన్ కొండల నుంచి పేద తెల్లజాతివారు, పోలండ్, ఇటలీ, మాసిడోనియా, లెబనాన్ వంటి దూర దేశాల నుంచి వలసదారులు డెట్రాయిట్ దారి పట్టారు. 1950 నాటికి నగర జనాభా 18 లక్షలు దాటింది.

అదే ఏడాది జనరల్ మోటార్స్ సంస్థకూ, యునైటెడ్ ఆటో వర్కర్స్ కార్మిక సంఘానికీ మధ్య ఐదేళ్ల ఒప్పందం కుదిరింది. 'డెట్రాయిట్ సంధి'గా చరిత్రకెక్కిన ఆ ఒప్పందంతో ధరలు పెరిగినప్పుడల్లా జీతం పెరగడం, పింఛను, ఆరోగ్య బీమా వంటివి కార్మికుని హక్కులయ్యాయి. అంతవరకూ గుమాస్తాలకు, అధికారులకు మాత్రమే దక్కిన సౌఖ్యాలు యంత్రం ముందు నిలబడే కార్మికునికీ అందాయి. సొంత ఇల్లు వచ్చింది. ఆ ఇంటి ముందు కారు వచ్చింది. వారాంతంలో పిల్లలకు బయటి తిండి కొనిపెట్టగలిగే నాలుగు డాలర్లు జేబులో మిగిలాయి.

కర్మాగారాలు రెండు, మూడు షిఫ్టులలో నడిచేవి. అర్ధరాత్రి పని దిగినవారికి వేడి తిండి కావాలి. కూర్చొని తినే హోటళ్లు ఆ వేళకు మూసి ఉండేవి. నగరం బయట కొత్తగా వెలిసిన కాలనీల్లో ఇళ్లు దూరదూరంగా ఉండేవి, నడిచి వెళ్లే దూరంలో దుకాణాలు ఉండేవి కావు. రోడ్ల కూడళ్లలో, ముందు కార్లు నిలుపుకొనే స్థలంతో, వరుసగా కట్టిన చిన్న చిన్న గదుల వాణిజ్య సముదాయాలే ఆ కాలనీవాసుల బజారు. అద్దె తక్కువ. ఒక ఓవెన్, ఒక బల్ల, ఒక టెలిఫోన్ ఉంటే పిజ్జా దుకాణం తెరవవచ్చు.

తెలుగు పాఠకుల్లో అనేకమందికి ఈ కాలనీలు అపరిచితం కావు. డెట్రాయిట్ కార్ల సంస్థల్లో ఇంజినీర్లుగా చేరిన తెలుగువారు నివసించే ట్రాయ్, నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ వంటివన్నీ ఆ విస్తరణ ఫలితాలే. లిటిల్ సీజర్స్ ప్రధాన కార్యాలయం కూడా కొంతకాలం ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే ఉండేది.

నీలి ఉక్కు ట్రే

కార్ల పరిశ్రమకూ పిజ్జాకూ ఉన్న బంధాన్ని చెప్పేటప్పుడు డెట్రాయిట్ ప్రజలు ముందుగా తలచుకొనేది ఒక ఇనుప ట్రేను. 1946లో నగరంలోని కోనంట్ వీధి కూడలిలో 'బడ్డీస్ రాండేవూ' అనే మద్యశాలను నడుపుతున్న గస్ గెరా సిసిలీ తరహా మందపాటి పిజ్జాను అమ్మడం ప్రారంభించారు. కర్మాగారాలలో చిన్న చిన్న విడిభాగాలు పెట్టుకోవడానికి, కారే నూనెను పట్టడానికి వాడే దీర్ఘచతురస్రాకారపు నీలి ఉక్కు ట్రేలలో ఆ పిజ్జాను కాల్చారన్నది స్థానికంగా తరతరాలుగా వినవస్తున్న కథనం.

మందమైన ఆ ఉక్కు వేడిని బాగా పట్టి ఉంచుతుంది. ట్రే అంచుల దాకా పరిచిన విస్కాన్సిన్ జున్ను గోడలకు అంటుకొని, మాడీ మాడని గోధుమరంగులోకి మారి కరకరలాడుతుంది. టమాటా సాస్‌ను జున్ను కింద కాక పైన పోస్తారు. డెట్రాయిట్ పిజ్జా అంటే నేటికీ ఇదే. గెరా 1953లో ఆ దుకాణాన్ని అమ్మి, వేరొక చోట క్లోవర్‌లీఫ్ పేరుతో మరొకటి నడిపారు. బడ్డీస్ కొత్త యజమానుల చేతిలో కొనసాగింది.

ఈ కథ ఎంత రుచికరమైనదైనా, పిజ్జా చైన్‌ల పుట్టుకకు దీన్నే కారణంగా చెప్పడం పొరపాటవుతుంది. బడ్డీస్ దశాబ్దాల తరబడి స్థానిక దుకాణంగానే మిగిలిపోయింది. డోమినోస్, లిటిల్ సీజర్స్ అమ్మినవి చతురస్రపు డెట్రాయిట్ పిజ్జాలు కావు, అందరికీ తెలిసిన గుండ్రటి పిజ్జాలే. ఆ సంస్థలు కర్మాగారం నుంచి అరువు తెచ్చుకున్నది ట్రేను కాదు, పని చేసే పద్ధతిని.

భర్త వంట, భార్య లెక్కలు

మైక్ ఇలిచ్, మరియన్ ఇలిచ్‌లు మాసిడోనియా నుంచి వలస వచ్చిన కుటుంబాల సంతానం. మైక్ డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు అనుబంధ జట్లలో ఆడేవారు. గాయంతో ఆట ఆగిపోయింది. దంపతులు కూడబెట్టిన 10 వేల డాలర్లతో 1959 మే నెలలో గార్డెన్ సిటీలోని ఒక చిన్న వాణిజ్య సముదాయంలో దుకాణం తెరిచారు. దానికి 'పిజ్జా ట్రీట్' అని పేరు పెట్టాలని మైక్ అనుకున్నారు. భర్తను ముద్దుగా 'లిటిల్ సీజర్' అని పిలిచే మరియన్ ఆ పేరే బాగుంటుందన్నారు. మొదట రెండు పేర్లూ కలిపి పెట్టారు. కాలక్రమంలో మరియన్ పేరే నిలిచింది.

వంట, ప్రచారం మైక్ పని. డబ్బు లెక్క మరియన్‌ది. మూడేళ్లకే, 1962లో, కార్ల కర్మాగారాలకు నెలవైన వారెన్ పట్టణంలో తొలి ఫ్రాంచైజీ ఇచ్చారు. ఒకటి కొంటే మరొకటి అదే ధరకు ఇచ్చే పథకం, 1979లో మొదలైన 'పిజ్జా! పిజ్జా!' అనే నినాదం సంస్థను దేశమంతటా పరిచయం చేశాయి.

లిటిల్ సీజర్స్ దశాబ్దాల తరబడి ఇంటికి చేరవేసే జోలికి దాదాపుగా పోలేదు. కస్టమర్ స్వయంగా కారులో వచ్చి తీసుకుపోవలసి ఉండేది. పని దిగి ఇంటికి పోయే దారిలో కారు ఆపి, రెండు నిమిషాల్లో పెట్టె పట్టుకొని వెళ్లిపోయే కార్మికుడే వారి లెక్కలో ఆదర్శ కస్టమర్. ముందే కాల్చి సిద్ధంగా ఉంచిన పిజ్జాను ఏళ్ల తరబడి 5 డాలర్లకు అమ్మిన పద్ధతి ఆ ఆలోచనకు పరాకాష్ఠ.

డోమినోస్ దానికి సరిగ్గా ఎదురుదారి పట్టింది. కస్టమర్ కదలనక్కరలేదు, పిజ్జాయే కారెక్కి వస్తుంది. రెండు దారులకూ ఆధారం మాత్రం కారే.

ఆరంగుళాల పిజ్జాకు సెలవు

తండ్రి మరణించేనాటికి టామ్ మోనగన్ వయసు నాలుగేళ్లు. బాల్యంలో కొంతకాలం అనాథాశ్రమంలో గడిచింది. ఆయన దుకాణం కొన్న ఇప్సిలాంటి కూడా సాధారణమైన ఊరు కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫోర్డ్ సంస్థ బీ-24 బాంబర్ విమానాలను కార్ల మాదిరిగా అసెంబ్లీ లైన్ మీద తయారు చేసిన విల్లో రన్ కర్మాగారం అక్కడిదే. ఉత్పత్తి ఉచ్ఛస్థితిలో ఉన్నప్పుడు అక్కడ గంటకొక విమానం చొప్పున తయారయ్యేది. యుద్ధం ముగిశాక అది కార్ల పరిశ్రమ చేతికి వచ్చింది. దానికి తోడు పట్టణంలో ఈస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయం, పొరుగునే యాన్ ఆర్బర్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. కార్మికులు, విద్యార్థులు, అంటే రాత్రి ఆలస్యంగా ఆకలయ్యే రెండు వర్గాలు ఒకే చోట ఉన్నాయన్నమాట.

విద్యార్థుల హాస్టళ్లు డెలివరీకి అనువైనవి. ఒకే భవనంలో వందలమంది ఉంటారు, ఒక్క కారు ఒక్కసారి పోయి పది పిజ్జాలు ఇచ్చి రావచ్చు. మోనగన్ రెండో దుకాణాన్ని మౌంట్ ప్లెజెంట్‌లో, మరో విశ్వవిద్యాలయం పక్కనే తెరిచారు. అక్కడి హాస్టల్‌కు పిజ్జా ఇవ్వడానికి వెళ్లినప్పుడే తన కాబోయే భార్యను కలుసుకున్నారు.

డోమినోస్ దారిని నిర్ణయించిన ఘటనగా మోనగన్ చెప్పుకున్నది మాత్రం ప్రేమకథ కాదు, సిబ్బంది రాని ఒక రాత్రి. రద్దీ ఎక్కువగా ఉంది, పనివారు తక్కువగా ఉన్నారు. ఏం చేయాలో తోచక ఆరంగుళాల చిన్న పిజ్జాల అమ్మకం ఆపేశారు. చిన్న పిజ్జాకు పట్టే శ్రమ, సమయం, పెట్టె, ప్రయాణం పెద్దదానికీ అంతే. వచ్చే ధరే తక్కువ. చిన్న పిజ్జాలు లేకుండా గడిచిన ఆ రాత్రి ఆదాయం పెరిగిందని ఆయన గ్రహించారు. తర్వాత శాండ్‌విచ్‌లనూ తీసేశారు. చాలా ఏళ్లపాటు డోమినోస్‌లో దొరికినవి రెండే పరిమాణాల పిజ్జాలు, ఒకే శీతల పానీయం. 1989లో పాన్ పిజ్జా వచ్చేదాకా కొత్త వంటకమంటూ దాదాపు ఏదీ రాలేదు.

తన టీ-మోడల్ కారును ఏళ్ల తరబడి నలుపు రంగులో మాత్రమే అమ్మిన హెన్రీ ఫోర్డ్‌కు ఈ లెక్క కొత్తగా తోచి ఉండేది కాదు.

మిగిలినదంతా ఆ తర్కానికి కొనసాగింపే. పిండిని ప్రతి దుకాణంలో కలపడం మాని, ఒక కేంద్ర వంటశాలలో కలిపి, ముద్దలు చేసి, ట్రక్కులలో దుకాణాలకు పంపడం ప్రారంభించారు. కార్ల సంస్థకు విడిభాగాల సరఫరాదారులు ఎలాగో, దుకాణానికి ఆ వంటశాల అలాగ. దుకాణంలో మిగిలిన పని పిండి సాగదీయడం, సాస్, జున్ను పరచడం, కాల్చడం, పెట్టెలో పెట్టడం. ఒక్కొక్క పనికి ఒక్కొక్కరు. ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి. నెల రోజుల్లో ఎవరైనా నేర్చుకోగలరు.

పెట్టె కూడా చిన్న విషయం కాదు. అంతకుముందు వాడిన పలుచని అట్టపెట్టెలు ఆవిరికి మెత్తబడి వంగిపోయేవి. ఒకదానిమీద ఒకటి పేర్చితే పైమూత జున్నుకు అంటుకొనేది. మోనగన్ డెట్రాయిట్‌లోని ఒక పెట్టెల తయారీ సంస్థతో కలిసి, మధ్యలో మడతలున్న గట్టి అట్టతో పెట్టెను రూపొందింపజేశారు. నేడు ప్రపంచంలో ఏ మూల పిజ్జా కొన్నా కనిపించేది ఆ తరహా పెట్టే.

ప్రయాణం సాఫీగా సాగిందని కాదు. డొమినిక్స్ పేరు వాడుకోవడానికి పాత యజమాని అంగీకరించకపోవడంతో 1965లో డోమినోస్ అని మార్చారు. లోగోలోని మూడు చుక్కలు అప్పటికి ఉన్న మూడు దుకాణాలకు గుర్తు. కొత్త దుకాణం తెరిచినప్పుడల్లా ఒక చుక్క చేర్చాలన్నది ఆనాటి ఆలోచనట! 1968లో కేంద్ర కార్యాలయం, వంటశాల అగ్నికి ఆహుతయ్యాయి. 1970లో అప్పుల భారంతో సంస్థ పగ్గాలు కొన్ని నెలలు బ్యాంకు చేతికి వెళ్లాయి. 1975లో 'డోమినో' పేరుతో చక్కెర అమ్మే సంస్థ కోర్టుకెక్కింది. 1980లో అప్పీలు కోర్టు పిజ్జా సంస్థకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు తర్వాత వేగానికి అడ్డు లేకపోయింది. 1978లో 200 ఉన్న దుకాణాలు 1983కు వెయ్యి, 1989కి 5 వేలు అయ్యాయి.

న్యూయార్క్ ఎందుకు కాలేదు?

న్యూయార్క్‌లో పిజ్జాను ముక్కగా కొని, కాగితంలో మడిచి, నడుస్తూ తినేస్తారు. ప్రతి వీధికీ ఒక దుకాణం, ప్రతి దుకాణానికీ ఒక కుటుంబం, ఆ కుటుంబానికొక పేరు ఉంటాయి. అటువంటి చోట బయటివాడు వచ్చి, అన్ని దుకాణాలలోనూ ఒకే రుచి ఉంటుందని ఊరిస్తే ఎవరూ లెక్కచేయరు. డెట్రాయిట్ శివార్లలో ఆ సంప్రదాయపు పట్టు అంతగా లేదు. పిజ్జా ఇలాగే ఉండాలని శాసించే పెద్దలు లేరు. మోనగన్ ఇటాలియన్ కాదు, ఇలిచ్ దంపతులూ కాదు. తాతలనాటి రుచిని కాపాడవలసిన భారం వారిపై లేదు కనుక దేన్ని తీసేయడానికీ వెనకాడలేదు.

రుచి విషయంలో దాని పర్యవసానం కూడా దాచిపెట్టలేనిదే. 2009 చివర్లో డోమినోస్ స్వయంగా ఒక ప్రచారం చేపట్టి, తమ పిజ్జా అట్టముక్కలా ఉందని కస్టమర్లు తిట్టిన తిట్లను ప్రకటనల్లోనే చూపించి, తయారీ విధానాన్ని మార్చుకుంది. అప్పటికి సంస్థ పుట్టి దాదాపు యాభై ఏళ్లు. అట్టముక్క వంటి పిజ్జాతో వేల దుకాణాలు నిర్మించగలిగారంటే, వారు అమ్మినది ప్రధానంగా పిజ్జాను కాదు, సమయాన్ని అని అర్థం చేసుకోవాలి.

పిజ్జా చైన్‌లు మిషిగన్‌లో మాత్రమే పుట్టలేదన్నది నిజమే. పిజ్జా హట్‌ను 1958లో కేన్సస్ రాష్ట్రంలోని విచిటాలో కార్నీ సోదరులు తల్లి ఇచ్చిన 600 డాలర్లతో ప్రారంభించారు. 1977లో దానిని పెప్సీ సంస్థ కొనుగోలు చేసింది. ఆ తర్వాత కార్యాలయం టెక్సాస్‌కు తరలిపోయింది. విచిటాకు మిగిలింది జ్ఞాపకం. మిషిగన్‌లో పుట్టిన సంస్థలు అక్కడే వేళ్లూనుకున్నాయి. ఒకదాని ఉద్యోగి మరొకదానికి మారడం, సరఫరాదారులు అందుబాటులో ఉండడం, ఫ్రాంచైజీ వ్యాపారం ఎలా చేయాలో తెలిసినవారు పక్క వీధిలోనే ఉండడం వంటివి కొత్తవారికి కలిసివచ్చాయి. కార్ల తయారీ ఒకప్పుడు ఒకే చోట గుమిగూడింది కూడా ఈ విధంగానే.

హంగ్రీ హోవీస్ కథ ఇందుకు నమూనా. జేమ్స్ హర్న్ టేలర్‌లో తన హాంబర్గర్ దుకాణాన్ని పిజ్జా దుకాణంగా మార్చారు. అక్కడ పిజ్జాలు చేరవేసే స్టీవ్ జాక్సన్ తర్వాత ఆయనకు భాగస్వామి అయ్యారు. అంచులకు వెల్లుల్లి, నువ్వులు వంటి రుచులు అద్దిన పిజ్జాలతో ఆ సంస్థ వందలాది ఔట్‌లెట్లకు పెరిగింది. అమెరికాలో తమ ఫ్రాంచైజీ యజమానుల్లో 90 శాతానికి పైగా ఒకప్పుడు డ్రైవర్లుగానో, దుకాణ సిబ్బందిగానో పనిచేసినవారేనని డోమినోస్ చెబుతుంది. జెట్స్ సంస్థ మాత్రం పాత చతురస్రపు పిజ్జానే నమ్ముకొని దేశంలోని అనేక రాష్ట్రాలకు తీసుకుపోయింది. చివరకు 2021లో పిజ్జా హట్ కూడా 'డెట్రాయిట్ స్టైల్' పేరుతో ఒకటి విడుదల చేసింది.

ముప్పై నిమిషాల మూల్యం

అసెంబ్లీ లైన్‌లో గడియారానికి ఉన్న అధికారం పిజ్జా దుకాణంలోనూ ఉంది. ఆర్డర్ ఇచ్చిన 30 నిమిషాల్లో పిజ్జా రాకపోతే ఉచితమని డోమినోస్ 1980లలో ఇచ్చిన హామీ సంస్థకు ఎనలేని పేరు తెచ్చింది. తర్వాత ఉచితానికి బదులు 3 డాలర్ల తగ్గింపుగా మార్చారు. కర్మాగారంలో లైన్ వేగం పెరిగితే యూనియన్ అడ్డుచెప్పేది. రోడ్డు మీద ఒంటరిగా కారు నడిపే పంతొమ్మిదేళ్ల కుర్రవాడి తరఫున అడ్డుచెప్పేవారు లేరు.

1989లో సెయింట్ లూయిస్‌లో ఎర్ర లైటు దాటి వచ్చిన డోమినోస్ డ్రైవర్ కారు ఢీకొని ఒక మహిళ గాయపడ్డారు. 1993 డిసెంబరులో జ్యూరీ ఆమెకు 7 కోట్ల 80 లక్షల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. తర్వాత ఇరుపక్షాలూ అంతకంటే చాలా తక్కువ మొత్తానికి రాజీ పడ్డాయి. హామీ ప్రమాదాలకు కారణం కాదని వాదిస్తూనే, ప్రజల్లో నెలకొన్న అభిప్రాయం దృష్ట్యా దానిని ఆ నెలలోనే ఎత్తివేస్తున్నట్లు సంస్థ ప్రకటించింది.

అమెరికాలో ఆగిన ఆ గడియారం భారత్‌లో తిరగడం మొదలైంది. 1996లో డోమినోస్ న్యూఢిల్లీలో తొలి దుకాణం తెరిచింది. 30 నిమిషాల హామీయే ఇక్కడ దాని గుర్తింపు అయింది. పనీర్, మసాలాలు చేరి పిజ్జా రూపు మారింది. బీటిల్ కారు స్థానంలో ద్విచక్ర వాహనం వచ్చింది. కేంద్ర వంటశాల నుంచి పిండి ముద్దలు రావడం మాత్రం మారలేదు. 2 వేలకు పైగా ఔట్‌లెట్లతో అమెరికా తర్వాత డోమినోస్‌కు అతి పెద్ద విపణి నేడు భారతదేశమే. నిమిషాలను లెక్కపెట్టి సరకులు చేరవేసే నేటి యాప్‌ల మాట వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా, రోడ్డు మీది కుర్రవాడి గురించి అడిగే ప్రశ్న సెయింట్ లూయిస్‌లో అడిగినదే.

పిజ్జా డబ్బు, నగరం బాకీ

పిజ్జా సంస్థలు పెరిగిన కాలంలోనే కార్ల పరిశ్రమ కుంగింది. జపాన్ కార్ల పోటీ, చమురు సంక్షోభం కలిసి 1982 చివరికి మిషిగన్‌లో నిరుద్యోగాన్ని 15 శాతం దాటించాయి. ఒకదాని స్థానాన్ని మరొకటి పూరించిందనడం తేలికే గానీ సరికాదు. కార్ల కర్మాగారం ఉద్యోగంలో యూనియన్, పింఛను ఉండేవి. పిజ్జా చేరవేసేవాడు చాలా చోట్ల తన సొంత కారుతో పనిలోకి దిగాలి, టిప్పు మీద ఆశ పెట్టుకోవాలి. తండ్రి బిగించిన కారులో కొడుకు పిజ్జా మోసుకుపోయిన ఇళ్లు ఆ కాలనీల్లో అరుదు కాకపోవచ్చు. ఇద్దరి జీతానికీ పోలిక లేదు.

యజమానుల సంపద మాత్రం నగరానికి వేరే రూపంలో తిరిగి వచ్చింది. మైక్ ఇలిచ్ 1982లో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ హాకీ జట్టును 80 లక్షల డాలర్లకు కొన్నారు. మరుసటి ఏడాది మోనగన్ డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ జట్టును 5 కోట్ల 30 లక్షల డాలర్లకు కొన్నారు. 1984లో ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. 1992లో మోనగన్ దాన్ని ఎవరికి అమ్మారు? ఒకప్పుడు ఆ సంస్థలోనే ఆడి, గాయపడి, పిజ్జా దుకాణం పెట్టుకున్న మైక్ ఇలిచ్‌కే. ఒక నగరపు జట్టు ఒక పిజ్జా యజమాని చేతి నుంచి మరో పిజ్జా యజమాని చేతికి మారడం మరెక్కడా వినని విషయం. 1998లో మోనగన్ డోమినోస్‌ను సుమారు వంద కోట్ల డాలర్లకు బెయిన్ క్యాపిటల్ సంస్థకు అమ్మి తప్పుకున్నారు.

సంపన్నులు శివార్లకు తరలిపోతున్న రోజుల్లో ఇలిచ్‌లు ఎదురు నడిచారు. డెట్రాయిట్ నడిబొడ్డున పాడుబడిన ఫాక్స్ థియేటర్‌ను 1987లో కొని, బాగుచేయించి, లిటిల్ సీజర్స్ కార్యాలయాన్ని ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఆ భవనానికి మార్చారు. ఆ చర్యను నగరవాసులు నేటికీ కృతజ్ఞతతో తలచుకుంటారు.

దాని తర్వాతి అధ్యాయం మీద అంతటి ఏకాభిప్రాయం లేదు. 2013 జులైలో డెట్రాయిట్ నగరం సుమారు 1800 కోట్ల డాలర్ల అప్పులతో దివాలా పిటిషన్ వేసింది. అమెరికా చరిత్రలో ఒక నగరపాలక సంస్థ వేసిన అతి పెద్ద దివాలా పిటిషన్ అది. విశ్రాంత ఉద్యోగుల పింఛన్లకు కోత పడింది. ఆ పిటిషన్ వేసిన కొద్ది రోజులకే, ఇలిచ్‌ల హాకీ జట్టుకు కొత్త క్రీడా ప్రాంగణం నిర్మించే బాండ్లకు రాష్ట్ర సంస్థ ఆమోదం తెలిపింది. సుమారు 86 కోట్ల డాలర్ల వ్యయంలో 32 కోట్ల డాలర్ల మేర నగర కేంద్ర ప్రాంతపు ఆస్తి పన్నుల నుంచి వచ్చిన ప్రజాధనమే. నిర్మాణం ఉద్యోగాలు తెస్తుందని, చుట్టూ ఐదు కొత్త నివాస, వాణిజ్య ప్రాంతాలు లేస్తాయని 2014లో ఇలిచ్‌ల సంస్థ ప్రకటించింది.

2017 సెప్టెంబరులో లిటిల్ సీజర్స్ ఎరీనా తెరుచుకుంది. మైక్ ఇలిచ్ అంతకు ఏడు నెలల ముందే కన్నుమూశారు. ప్రాంగణం చుట్టూ లేస్తాయన్న నివాస భవనాల్లో అధికభాగం ఏళ్లు గడిచినా కాగితం దాటలేదు. 1950లో 18 లక్షలమంది నివసించిన నగరంలో 2020 జనగణన నాటికి మిగిలినవారు 6 లక్షల 39 వేలమంది. ఆట ఉన్న రాత్రి శివార్ల నుంచి వేలాది కార్లు వస్తాయి. ఇళ్లు కడతామన్న ఆ స్థలాల్లో వాటిని నిలుపుకొనేందుకు డబ్బు వసూలు చేస్తారు.